వెన్నులో తీగ, తుంటిలో పెట్టె

“నడుముకి రెండుసార్లు ఆపరేషన్ అయిందండీ. మొదట డిస్కు తీశారు, తర్వాత స్క్రూలు వేశారు. అయినా కాలు లాగడం తగ్గలేదు. ఇప్పుడేమో వెన్నులో కరెంటు మిషన్ పెట్టిస్తే నొప్పి తెలియదంటున్నారు. పెట్టించుకోమంటారా?”

నొప్పి క్లినిక్కులకు వచ్చేవాళ్లు ఈ ప్రశ్న అడుగుతున్నారు. అడిగేవాళ్లు అప్పటికే గ్యాబాపెంటిన్, ప్రీగ్యాబాలిన్ లాంటి నరాల నొప్పి మాత్రలు మింగి మింగి విసిగి ఉంటారు. వెన్నులో ఇంజెక్షన్లు అయిపోయి ఉంటాయి. ఆయుర్వేదం, ఆకుపంక్చర్, ఎవరో చెప్పిన నాటువైద్యం కూడా అయిపోయి ఉంటాయి. ఖర్చు లక్షల్లో అన్నా వెనకాడని స్థితిలో ఉంటారు. అలాంటి మనిషికి ‘పనిచేస్తుంది’, ‘పనిచేయదు’ అని ఒక్క ముక్కలో తేల్చి చెప్పడం తేలికే. ఏ నొప్పికి, దేనితో పోలిస్తే, ఎన్నాళ్లు అని అడిగినప్పుడే అసలు విషయం బయటపడుతుంది.

ఆ మిషన్ పేరు స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్. మనం వెన్ను ప్రేరకి అందాం. ఇందులో రెండు భాగాలుంటాయి. కొసన చిన్న చిన్న లోహపు పట్టీలున్న సన్నని తీగ ఒకటి. అరచేతిలో ఇమిడే బ్యాటరీ పెట్టె ఒకటి. వెన్నుపామును చుట్టి డ్యూరా అనే గట్టి పొర ఉంటుంది. ఆ పొరకూ వెన్నెముకకూ మధ్య కొవ్వుతో నిండిన సన్నని సందు ఉంటుంది. కాన్పు నొప్పులు తెలియకుండా ఇచ్చే ఎపిడ్యూరల్ మందు వెళ్లేది ఈ సందులోకే. తీగ కొసను కూడా అక్కడే ఉంచుతారు. పెట్టెను తుంటి పైభాగంలోనో పక్కటెముకల కిందో చర్మం అడుగున అమరుస్తారు.

దెబ్బ తగిలితే ఎందుకు రుద్దుకుంటాం?

మోకాలు గడపకు కొట్టుకోగానే చెయ్యి తనంతట తానే అక్కడికి వెళ్లి రుద్దుతుంది. రుద్దితే దెబ్బ మానదు, కానీ నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది. పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతికి 1965లో ఇద్దరు శాస్త్రవేత్తలు కారణం ప్రతిపాదించారు. ఒకరు కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్, రెండోవారు బ్రిటన్‌కు చెందిన నాడీ శాస్త్రవేత్త పాట్రిక్ వాల్.

ఒంటి నుంచి వెన్నుపాముకు వార్తలు మోసే నరాల పోగుల్లో లావువీ సన్నవీ ఉంటాయి. స్పర్శ లావుపోగుల్లో సెకనుకు పదుల మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. మండే నొప్పి, సలిపే నొప్పి సన్నపోగుల్లో సెకనుకు ఒక మీటరు చొప్పున నింపాదిగా వస్తాయి. రెండూ వెన్నుపాము వెనుక భాగంలో ఒకేచోట చేరతాయి. అక్కడ ఒక ద్వారం ఉందనీ, లావుపోగులు చురుగ్గా ఉన్నంతసేపూ అది నొప్పికి మూసుకుపోతుందనీ మెల్జాక్, వాల్ అన్నారు. రుద్దడమంటే లావుపోగులను తట్టి లేపడమే. ద్వార సిద్ధాంతంగా పేరుపడిన ఈ ఊహలోని వివరాలు కొన్ని తర్వాత తప్పని తేలాయి. అసలు సూత్రం మాత్రం నిలిచింది. నొప్పి గాయం నుంచి మెదడుకు నేరుగా వెళ్లే వార్త కాదనీ, దారిలో దాన్ని పెంచే తగ్గించే యంత్రాంగం ఉందనీ వైద్యులు ఒప్పుకున్నది అప్పటినుంచే.

సిద్ధాంతం వచ్చాక దాన్ని పరీక్షించకుండా ఎవరాగుతారు? వాల్, బోస్టన్ శస్త్రవైద్యుడు విలియం స్వీట్ కలిసి తమ చెంప నరంలోకే సూది గుచ్చుకుని కరెంటు పెట్టి చూసుకున్నారు. 1967లో క్లీవ్‌ల్యాండ్‌లో నార్మన్ షీలీ అనే శస్త్రవైద్యుడు ఇంకో అడుగు ముందుకేశాడు. లావుపోగులు ఒళ్లంతా చెదిరి ఉన్నా, పైకి వెళ్లేటప్పుడు వెన్నుపాము వీపువైపున కట్టలుగా కలిసి వెళ్తాయి. ఆ కట్ట మీదే కరెంటు పెడితే ఒక్కచోటి నుంచి ఎన్నో నరాలను కదిలించవచ్చు కదా అని ఆయన ఆలోచన. థామస్ మార్టిమర్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి పరికరం తయారుచేసి ఇచ్చాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్న ఓ పెద్దాయనకు దాన్ని అమర్చారు. నొప్పి తగ్గింది. ఆయన మాత్రం ఎంతోకాలం బతకలేదు.

ఇక్కడొక పిట్టకథ చెప్పాలి. ఈ చికిత్సకు ఆద్యుడైన షీలీ తానే దీన్ని కొన్నేళ్లకు వదిలేశాడు. సమగ్ర వైద్యం వైపు మళ్లి 1978లో దానికోసం అమెరికాలో ఒక సంఘమే స్థాపించాడు. పరికరాన్ని మాత్రం పరిశ్రమ వదల్లేదు.

బల్ల మీద ఏం జరుగుతుంది?

ఈ పరికరాన్ని ముందు అద్దెకు తీసుకున్నట్టు వాడి చూసే వీలుంది, దాన్నే ట్రయల్ అంటారు. మోకాలి కీలు మార్పిడికి ఆ సదుపాయం లేదు.

రోగిని బోర్లా పడుకోబెట్టి పొట్టకింద దిండు పెడతారు. నడుము వంపు కాస్త సమమై, ఎముకల మధ్య సందు తెరుచుకోవాలని. చర్మానికి మత్తు ఇస్తారు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద వెన్నెముకను చూస్తూ, కొస కాస్త వంగిన లావుపాటి సూదిని ఏటవాలుగా దించుతారు. సూది వెనక సిరంజి ఉంటుంది. డాక్టరు బొటనవేలు దాని మీదే ఉంటుంది. సూది వెన్నుపూసలను కలిపే గట్టి బంధనంలో ఉన్నంతసేపు సిరంజి ఎదురు నొక్కుతుంది. సందులోకి రాగానే ఆ ఎదురు ఒక్కసారిగా తప్పుతుంది. వేలికి తెలిసే ఆ చిన్న మార్పే గుర్తు. ఇంకో కొద్ది మిల్లీమీటర్లు వెళ్తే డ్యూరాకు చిల్లు పడి, రోగికి రోజుల తరబడి తలనొప్పి పట్టుకుంటుంది.

ఆ సూదిలోంచి తీగను పైకి జరుపుతారు. నడుముకీ కాళ్లకీ అయితే దాని కొస సాధారణంగా ఛాతీ వెన్నుపూసల్లో ఎనిమిదో తొమ్మిదో దాని దగ్గర ఆగుతుంది. పాతపద్ధతి ప్రేరకి అయితే రోగి మెలకువగా ఉండి తీరాలి. కరెంటు మెల్లగా పెంచుతూ “తిమ్మిరి ఎక్కడ తెలుస్తోంది?” అని అడుగుతారు. “పొట్ట మీద” అంటే తీగ పక్కకు పోయిందన్నమాట. “పిక్కలో, ఎప్పుడూ లాగే చోటే” అన్న జవాబు వచ్చేదాకా జరుపుతూనే ఉంటారు. ఆ తర్వాత తీగను చర్మానికి అతికించి, పెట్టెను బయటే నడుముకు కట్టి ఇంటికి పంపుతారు. వారం అటూ ఇటూగా చూశాక నొప్పి కనీసం సగం తగ్గిందంటేనే రెండో ఆపరేషన్ చేసి పెట్టెను లోపల పెడతారు.

వినడానికి ఇంత భద్రమైన పద్ధతి మరొకటి లేదనిపిస్తుంది. అయితే బ్రిటన్‌లో 105 మంది రోగులను రెండు జట్లుగా చీట్లు తీసి విడదీసి, ఒక జట్టుకు ముందు ట్రయల్ చేసి, రెండో జట్టుకు నేరుగా పెట్టె పెట్టేసి చూశారు. ఆరు నెలల తర్వాత రెండు జట్లకూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. అంటే ఆ వారం రోజుల పరీక్ష ఎవరికి పనిచేస్తుందో ముందే పసిగట్టడంలో మనం అనుకున్నంత దిట్ట కాదు. అలాగని ట్రయల్ లేకుండానే పెట్టించుకోమని నేననను. సరిపడనివాళ్లు తప్పుకోవడానికి అదొక్కటే చవకైన దారి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా, ట్రయల్ చేయకుండా పెట్టె పెట్టవద్దని డాక్టర్లకు లేఖ రాసింది.

యాభై ఏళ్లు కుదరని పరీక్ష

ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి సగం మందికి మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియదు. నొప్పి విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. వానల్లేక చెరువులు నెర్రెలిచ్చినప్పుడు మన ఊళ్లలో కప్పలకు పెళ్లి చేస్తారు. చేసేది కరువు ముదిరినప్పుడే కాబట్టి, ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు వాన పడక మానదు. పేరు కప్పలకు దక్కుతుంది. నొప్పి రోగి ఆపరేషన్ బల్ల ఎక్కేది కూడా నొప్పి భరించలేని స్థాయికి పెరిగినప్పుడే. పెరిగి తరిగే నొప్పి ఎలాగూ కొంత దిగుతుంది. దానికితోడు పెద్ద ఆపరేషన్, ఖరీదైన యంత్రం, తరచూ పలకరించే డాక్టరు, ఇన్నాళ్లకు దొరికిన ఆశ. ఇవన్నీ మెదడులో నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. ఇందులో కరెంటు వాటా ఎంత?

ఆ వాటా తేల్చడం అర్ధ శతాబ్దం పాటు కుదరలేదు. కారణం తిమ్మిరి. పాత ప్రేరకి సెకనుకు నలభై, యాభై, అరవై సార్లు కరెంటు తాకిస్తుంది. అది నడుస్తోందో లేదో రోగికి ఒంట్లోనే తెలిసిపోతుంది. ఉత్తుత్తి పరికరం ఇచ్చి నమ్మించడం అసాధ్యం. అందుకని పరిశోధకులు ప్రేరకిని మామూలు వైద్యంతో పోల్చి సరిపెట్టుకున్నారు.

అలాంటివాటిలో పేరున్నది 2007లో వెలువడిన ప్రాసెస్ అధ్యయనం. పరికరం తయారుచేసే మెడ్‌ట్రానిక్ సంస్థ దానికి డబ్బిచ్చింది. కెనడాలోని రెజీనా నగరంలో పనిచేసిన న్యూరోసర్జన్ కృష్ణ కుమార్ నాయకత్వం వహించారు. వెన్ను ఆపరేషన్ అయినా కాలినొప్పి పోని వంద మందిని తీసుకున్నారు. ఆరు నెలలకు ప్రేరకి జట్టులో 48 శాతం మందికి కాలినొప్పి సగమో అంతకన్నా ఎక్కువో తగ్గింది. మామూలు వైద్యం జట్టులో ఆ అదృష్టం 9 శాతానికే. తేడా చిన్నదేమీ కాదు. కానీ ఆ మామూలు వైద్యం, వాళ్లకు అప్పటికే పనిచేయక విసిగించిన వైద్యమే. కొత్తది కావాలని వచ్చి పాతదే చేతిలో పెట్టించుకున్న మనిషి నిరాశ కూడా ఆ 9 శాతంలో కలిసి ఉంటుంది. ఇంకో సంగతి. మొదటి ఏడాదిలో పరికరం పెట్టించుకున్న 84 మందిలో 27 మందికి తీగ జరగడం, ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు వచ్చాయి.

తిమ్మిరి లేని కొత్తరకాలు వచ్చాక కథ మారింది. సెకనుకు పదివేల సార్లు తాకించే రకం ఒకటి. నాలుగైదు తాకిళ్లను గుత్తులుగా పంపే రకం మరొకటి, దీన్ని బర్స్ట్ అంటారు. రోగికి ఏమీ తెలియదు కాబట్టి కంపెనీలకు ఇది సౌకర్యంగా అమ్ముకునే గుణం అయింది. అదే గుణం, వాళ్లు కోరకుండానే, పరిశోధకులకు ఉత్తుత్తి పరీక్ష చేసే తలుపు తెరిచింది.

ట్రోండ్‌హైమ్ ఫలితం

నార్వేలోని ట్రోండ్‌హైమ్ నగరంలో సెయింట్ ఓలాఫ్స్ ఆసుపత్రి వైద్యులు ఆ పరీక్ష చేశారు. వెన్ను ఆపరేషన్ తర్వాత కాలిలోకి దిగే నొప్పి మిగిలిపోయిన 50 మందిని ఎంచుకున్నారు. అందరికీ ట్రయల్ చేసి, ఫలితం బాగున్నాకే పెట్టె అమర్చారు. తర్వాత ఒక్కొక్కరి ఏడాదినీ మూడేసి నెలల నాలుగు ముక్కలు చేశారు. రెండు ముక్కల్లో పెట్టె నడిచింది, రెండింటిలో ఆపేశారు. ఎప్పుడు ఏదో రోగికి తెలియదు, ఫలితం కొలిచేవాళ్లకూ తెలియదు. తనతో తననే పోల్చే పద్ధతి కాబట్టి జబ్బు తీవ్రత, వయసు, స్వభావం లాంటి తేడాలు ఫలితాన్ని చెడగొట్టవు.

నడక, కూర్చోవడం, బరువులెత్తడం, నిద్ర లాంటివి ఎంత కష్టమవుతున్నాయో సున్నా నుంచి వంద వరకు అంకె వేసే ఒక కొలబద్ద వాడారు. మొదట్లో సగటున 44.7 ఉండేది. పెట్టె నడిచిన నెలల్లో 10.6 తగ్గింది. ఆపేసిన నెలల్లో 9.3 తగ్గింది. రెంటికీ మధ్య తేడా 1.3. అది లెక్కలోకి వచ్చే తేడా కాదు.

2022లో జామా వైద్య పత్రికలో ఇది వచ్చినప్పుడు నొప్పి వైద్యుల్లో పెద్ద దుమారమే లేచింది. కరెంటు మోతాదు కంపెనీ సూచించినట్టు పెట్టలేదనీ, ఇది ఒకే రకం ప్రేరకి గురించి మాత్రమేననీ విమర్శించారు. రెండూ తోసిపారేయదగ్గవి కావు. ఒక్క అధ్యయనంతో అన్ని రకాలకూ తీర్పు రాయలేం. కానీ నన్ను ఆపేసిన అంకె 1.3 కాదు, 9.3. కరెంటు లేని నెలల్లోనూ ఆ రోగులకు నిజంగా మేలు జరిగింది. పరికరం పెట్టించుకున్నాక హాయిగా నడుస్తున్నానని చెప్పే మనిషి అబద్ధమాడటం లేదు. ఆయన అనుభవం నిజమే. దాన్నిబట్టి పరికరానికి మార్కులు వేయడమే పొరపాటు.

మరుసటి ఏడాది, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు నడుమునొప్పి మీద అప్పటిదాకా జరిగిన 13 పరీక్షలను, అంటే 699 మంది రోగుల ఫలితాలను, కలిపి చూశారు. ఆరు నెలల దగ్గర చూస్తే ఉత్తుత్తి చికిత్స కంటే మేలు కనిపించడం లేదని తేల్చారు. ఏడాది, రెండేళ్ల తర్వాత ఏమవుతుందో చెప్పే సరైన పరీక్షలే దొరకలేదన్నారు.

ఖర్చు రాసుకునే పక్క

ప్రాణానికి ముప్పు తెచ్చే ఆపరేషన్ కాదిది. అయినా చిన్న చిన్న తంటాలు చాలా ఎక్కువ. వంగినప్పుడు, తిరిగినప్పుడు తీగ కొంచెం జరిగితే చాలు, కాలికి రావలసిన ప్రేరణ పక్కటెముకలకు పోతుంది. పెట్టె ఉన్నచోట సలుపు పుట్టవచ్చు. చీము పడితే మొత్తం తీసేయక తప్పదు. ఛార్జింగ్ అక్కర్లేని బ్యాటరీ కొన్నేళ్లకే అయిపోతుంది, అప్పుడు మళ్లీ కోత. ఛార్జింగ్ పెట్టుకునేవి ఎక్కువకాలం వస్తాయి కానీ, ఆ పని మర్చిపోకుండా చేసుకోవాలి. అన్నిటికన్నా మామూలుగా జరిగేది, ఏ లోపమూ లేకుండానే ఫలితం మెల్లమెల్లగా సన్నగిల్లడం.

అమెరికాలో బీమా రికార్డులు తిరగేసి, ప్రేరకి పెట్టించుకున్న 1,260 మందిని అలాంటి జబ్బే ఉండి పెట్టించుకోనివాళ్లతో పోల్చిన అధ్యయనం 2023లో వచ్చింది. రెండేళ్లలో 17.9 శాతం మందికి పరికరం వల్ల చిక్కులు వచ్చాయి. 22.1 శాతం మందికి దాన్ని సరిచేయడమో తీసేయడమో జరిగింది. మత్తు నొప్పిమాత్రల వాడకం రెండేళ్లకు పెద్దగా తగ్గలేదు. ఇక ఎఫ్‌డీఏకు 2016 జూలై నుంచి నాలుగేళ్లలో ఈ పరికరాలపై అందిన ఫిర్యాదు నివేదికలు 1,07,728. ఈ అంకె చూసి బెంబేలెత్తనక్కర్లేదు. ఒకే సంఘటన మీద రెండు మూడు నివేదికలు ఉండవచ్చు, కారణం పరికరమేనని రుజువు కానివీ ఉండవచ్చు. అయితే అమ్మేవాళ్లు చేతిలో పెట్టే రంగుల కరపత్రంలో ఈ అంకె మీకు కనిపించదు.

మన ఊళ్లకు సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. వీధికో ఫిజియోథెరపీ సెంటర్ ఉంది, నడుమునొప్పి అనగానే డయాథర్మీ కాపడం పెడతారు. ఒంట్లో ప్రేరకి ఉన్నవాళ్లకు అది పనికిరాదు. ఆ శక్తి తీగ కొసన వేడిగా మారి నరాలను కాల్చేయగలదు. ఎమ్మారై స్కాను కూడా అన్ని మోడళ్లకూ ఒకేలా కుదరదు. పరికరం కార్డు చూపించాకే స్కాను గదిలోకి వెళ్లాలి.

అయితే ఎవరికి?

డిస్కులు అరిగి, కండరాలు పట్టేసి వచ్చే వట్టి నడుమునొప్పికి ఇది వద్దు. ఇందులో నాకు తటపటాయింపు లేదు. నరమే దెబ్బతిని కాలిలోకి మంటగా, షాకు కొట్టినట్టు దిగే నొప్పి వేరే సంగతి. బ్రిటన్‌లో ఏ చికిత్సకు ప్రభుత్వం డబ్బు పెట్టాలో చెప్పే నైస్ సంస్థ 2008లోనే దీనికి గీత గీసింది. నరాల నొప్పి అయి ఉండాలి. మామూలు వైద్యం చేసినా ఆరు నెలలకు పైగా, వంద మీద కనీసం యాభై తీవ్రతతో కొనసాగాలి. ట్రయల్‌లో ఫలితం రావాలి. ట్రోండ్‌హైమ్ తర్వాత ఆ గీతను ఇంకాస్త బిగించాలని నా అభిప్రాయం. చెరిపేయాలని మాత్రం అనను.

షుగరు వల్ల అరికాళ్లు మండేవాళ్ల సంగతి మనకు మరీ దగ్గరిది. భారతదేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్కగట్టింది. పదివేల తాకిళ్ల ప్రేరకిని 216 మంది మధుమేహుల మీద పరీక్షిస్తే, మూడు నెలలకు నొప్పి సగానికి తగ్గినవాళ్లు 79 శాతమని తేలింది. మందులతోనే ఉన్నవాళ్లలో అది 5 శాతం. ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. అంకెలు ఊరిస్తాయి. ఆ పరీక్షకు సొమ్ము పరికరం కంపెనీదే, ఉత్తుత్తి జట్టు అందులోనూ లేదు. తిమ్మిరి లేని పరికరం కాబట్టి పెట్టగలిగి ఉండీ పెట్టలేదు. షుగరు అదుపులో లేని ఒంట్లో కొత్త వస్తువు పెడితే చీము పట్టే భయం ఎప్పుడూ ఉండేదే.

నెదర్లాండ్స్‌లో చేయో కాలో విపరీతంగా నొప్పెట్టి వాచే సీఆర్‌పీఎస్ అనే జబ్బు మీద 2000లో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు నెలలకు ప్రేరకి జట్టుకు నొప్పి స్పష్టంగా తగ్గింది, చేయీ కాలూ పనిచేసే తీరు మాత్రం మెరుగుపడలేదు. ఐదేళ్లయ్యాక చూస్తే నొప్పిలో కూడా రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా పరికరం ఉన్నవాళ్లను మళ్లీ పెట్టించుకుంటారా అని అడిగితే 95 శాతం మంది పెట్టించుకుంటామన్నారు. నొప్పికి వేసిన అంకెల్లో దొరకనిదేదో వాళ్లకు దొరికి ఉండాలి. లేదా అంత శ్రమపడి పెట్టించుకున్నదాన్ని వృథా అనుకోవడానికి ఎవరికీ మనసొప్పదేమో. ఈ రెండింటిలో ఏదన్నది ఆ అధ్యయనం చెప్పలేదు.

పెట్టించుకోవాలనే నిర్ణయానికి వచ్చినవాళ్లు ట్రయల్ వారాన్ని మంచం మీద గడపకూడదు. కుట్టు దగ్గర జాగ్రత్తగా, తీగ జరిగేలా వంగకుండా తిరగకుండా ఉంటూనే, నొప్పి వల్ల మానేసిన పనులు చేసి చూడాలి. బజారుదాకా నడవగలిగారా, కాసేపు కుర్చీలో కూర్చోగలిగారా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మాత్రలు ఎన్ని తగ్గాయి అని ఏ రోజుకారోజు రాసుకోవాలి. వారం చివర ‘ఎలా ఉంది?’ అని అడిగేటప్పుడు ఆ గదిలో డాక్టరుతోపాటు కంపెనీ మనిషి కూడా ఉండవచ్చు, పరికరాన్ని సెట్ చేసేది చాలాచోట్ల అతనే. జవాబు ఆ కాగితం చూసి చెప్పండి. రెండేళ్ల తర్వాత సెట్టింగులు మార్చాల్సి వస్తే ఎవరు చేస్తారు, బ్యాటరీ మార్పిడికి ఎంతవుతుంది, బీమా ఇస్తుందా, తీసేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది అని ఆ కంపెనీ మనిషినే అడిగి కాగితం మీద రాయించుకోండి. ట్రయల్‌లో నొప్పి సగమైనా తగ్గకపోతే తీగ లాగేసి ప్లాస్టరు వేసి పంపేస్తారు. ఆ దశలో మానుకోవడానికి ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు.